రెండు రాత్రుల తిండి, వైన్ ప్రయాణానికి ఏ ఫ్రెంచ్ ఊరు? కోల్మార్, బోన్, రీమ్స్, సెయింట్ ఎమిలియన్ పోలిక

శుక్రవారం సాయంత్రం రైలెక్కి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. మధ్యలో మంచి భోజనం, మంచి వైన్, ద్రాక్షతోటల పక్కన కాస్త నడక ఉండాలి. కోరిక ఇంతే అయితే ఫ్రాన్స్ మ్యాప్ మొత్తం ముందేసుకుని కూర్చోనక్కర్లేదు. పారిస్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో, లండన్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకూ, యూరప్ టూర్ మధ్యలో రెండు రోజులు మిగుల్చుకున్నవాళ్లకూ నిజంగా కుదిరే ఊళ్లు నాలుగు: అల్సేస్‌లో కోల్మార్, బర్గండీలో బోన్, షాంపేన్ ప్రాంతంలో రీమ్స్, బోర్డో దగ్గర సెయింట్ ఎమిలియన్. లియోన్‌ను కావాలనే పక్కన పెట్టాను. తిండికి దాన్ని మించిన ఊరు లేదనేవాళ్లు ఉన్నారు కానీ అది పెద్ద నగరం, తోటల్లోకి వెళ్లాలంటే ఊరు దాటి చాలా దూరం పోవాలి.

చాలామంది వైన్ పేరు చూసి ఊరు ఎంచుకుంటారు. నేను వద్దంటాను. ఏ పేరున్న బాటిలైనా పారిస్‌లో మంచి షాపులో దొరుకుతుంది. ఊరికి వెళ్తే మాత్రమే దొరికేవి రెండు: ఆ పంట పండిన నేల మీద నడవడం, ఆ వైన్‌తో పాటు పుట్టిన వంటను అక్కడే తినడం. అందుకని స్టేషన్‌లో దిగాక కారు లేకుండా తోటల దాకా వెళ్లగలమా, మధ్యాహ్నం పన్నెండున్నరకు మన ప్లేట్‌లో ఏం ఉంటుంది అన్నవే ముందు చూడండి. కారు లేకుండా అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్రాన్స్‌లో డ్రైవింగ్‌కు పరిమితి లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకు 0.2 గ్రాములే. పొద్దున్నే ఒక సెల్లార్ (వైన్ మాగబెట్టే నేలమాళిగ), మధ్యాహ్నం భోజనంతో ఒక గ్లాసు, సాయంత్రం ఇంకో సెల్లార్ అనుకుంటే స్టీరింగ్ పట్టుకునే మనిషికి ఆ ప్రయాణంలో ఏమీ మిగలదు.

వైన్ కొత్త అయితే కోల్మార్ వెళ్లండి. రుచి కాస్త తెలిసి, ఒక ఊరిని నిదానంగా చూడాలనుంటే బోన్. చేతిలో ఒక్క రోజే ఉంటే రీమ్స్. సెయింట్ ఎమిలియన్ మాత్రం బోర్డోలో ఎలాగూ ఉండేవాళ్లకే. నాలుగింటిలో నా మనసు బోన్ మీదే ఉంది, అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకు దాన్ని చెప్పను.

కోల్మార్: మొదటి ప్రయాణానికి

పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ, అంటే ఫ్రెంచ్ హైస్పీడ్ రైలు, ఉంది, రెండుంపావు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లు హైస్పీడ్ రైల్లో సుమారు రెండు గంటల్లో స్ట్రాస్‌బుర్గ్ చేరి, అక్కడ లోకల్ రైలు మారితే ఇంకో అరగంట. లండన్ నుంచి యూరోస్టార్ దిగే గార్ ద్యు నార్ నుంచి గార్ ద లెస్ట్‌కు నడిచి పది నిమిషాలే. మెట్రో టెన్షన్ లేదు.

కొత్తవాళ్లకు కోల్మార్ ఎందుకంటే, అల్సేస్ బాటిల్ మీద ద్రాక్ష రకం పేరు రాస్తారు. ఫ్రాన్స్‌లో మిగతా పేరున్న చోట్ల ఎక్కువగా ఊరి పేరో, తోట పేరో ఉంటుంది. అందులో ఏ ద్రాక్ష ఉందో మనకు ముందే తెలిసుండాలి. ఇక్కడ రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రామినర్, పినో గ్రీ, మస్కట్ అనే నాలుగు పేర్లు గుర్తుంటే మెనూ చదివేయొచ్చు. గెవుర్ట్స్‌ట్రామినర్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే లిచీ పండు, గులాబీ వాసన కొడతాయి. వైన్ అంటే పుల్లగా, వగరుగా ఉంటుందనుకునే మనిషి కూడా రెండోసారి వాసన చూస్తాడు. రీస్లింగ్ దానికి పూర్తిగా వేరు, నిమ్మ పులుపు, శుభ్రంగా ముగిసే రుచి. కారం, మసాలా అలవాటున్న నాలుకకు ఈ రెండూ ఎర్ర వైన్ల కంటే తొందరగా నచ్చుతాయని నా నమ్మకం.

ఒక్క చిక్కు ఉంది. ఒకే పేరుతో తియ్యనివీ, తీపి లేనివీ దొరుకుతాయి. లేబుల్ మీద ‘సెక్’ అని ఉంటే తీపి లేనిది. ‘మొయెల్యూ’ అంటే తియ్యగా ఉంటుంది. ‘వాండాంజ్ తార్దీవ్’ అని ఉంటే ఆలస్యంగా కోసిన పండ్లతో చేసింది, భోజనం చివర్లో చిన్న గ్లాసులో తాగాల్సింది. ఆర్డర్ చేసే ముందు అడగడం మేలు.

తిండి విషయంలో కోల్మార్‌లో వెతకాల్సింది ‘విన్‌స్టుబ్’ అని బోర్డు ఉన్న చోట్లు. చెక్క బల్లలు, గళ్ల గుడ్డలు, ఇంటి వంట. మొదటి రాత్రి తార్త్ ఫ్లాంబే తినండి, అల్సేస్ భాషలో ఫ్లామెకూహె. కాగితమంత పలచగా వత్తిన పిండి మీద క్రీమ్, తాజా చీజ్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పంది మాంసం తునకలు పరిచి బాగా కాలిన పొయ్యిలో రెండు మూడు నిమిషాలు పెడతారు. అంచులు నల్లగా మాడి, మధ్యలో క్రీమ్ ఇంకా బుడగలు కడుతుండగానే చెక్క పలక మీద పెట్టి తెస్తారు. రొట్టె కాల్చే రోజు పొయ్యి వేడి ఎంతుందో చూడటానికి పల్లె ఇళ్లలో మొదలైన వంట అంటారు. ముక్కలు కోసి, చేత్తో చుట్టుకుని తినేయడమే. నలుగురుంటే నాలుగూ ఒకేసారి చెప్పొద్దు. ఒక్కొక్కటే తెప్పించుకుని పంచుకుంటే చివరిది కూడా వేడిగా ఉంటుంది. మాంసం తిననివాళ్లు ‘సాం లార్దోం’ అని చెప్తే పంది తునకలు లేకుండా చేసిస్తారు, పుట్టగొడుగులు వేసింది కూడా దొరుకుతుంది. నాలుగు ఊళ్లలో శాకాహారులకు కడుపు నిండే ఊరు ఇదే. ష్పెట్స్‌లె అనే గుడ్డు పిండి వంటకం, మున్స్టర్ చీజ్‌తో బంగాళదుంపలు ఉండనే ఉన్నాయి. గుడ్డు కూడా తినని వాళ్లు ముందే అడగాలి. చికెన్ చాలనుకునేవాళ్లకు కోక్ ఓ రీస్లింగ్, అంటే రీస్లింగ్, క్రీమ్‌లో ఉడికించిన కోడి. బెకోఫ్‌లో మాత్రం గొడ్డు మాంసం, గొర్రె, పంది మూడూ కలిసి ఉంటాయి.

తోటల్లోకి వెళ్లడం ఇక్కడ తేలిక. కోల్మార్‌లో లోకల్ రైలెక్కితే పది నిమిషాల్లో ట్యుర్క్‌హైమ్. పాత కోట ద్వారం దాటి ఊళ్లోకి నడిస్తే వెనకే బ్రాండ్ అనే గ్రాం క్రూ కొండవాలు. అల్సేస్‌లో ఇలాంటి పై తరగతి తోటలు 51 ఉన్నాయి, రైలు దిగి నడిచి ఎక్కగలిగేది ఇంత దగ్గరగా ఉండటం మన అదృష్టం. ఎగిషైమ్ ఆరేడు కిలోమీటర్లు, సైకిల్ మీద హాయిగా వెళ్లొచ్చు. వసంతంలో అక్కడి ఇళ్ల పైకప్పుల మీద కొంగల గూళ్లు కనిపిస్తాయి. రిక్విర్ అందమైన పల్లే కానీ మధ్యాహ్నానికి టూరిస్టు బస్సులతో నిండిపోతుంది, పొద్దున్నే వెళ్లాలి. బస్సులు ఆదివారాలు బాగా తగ్గిపోతాయి కాబట్టి పల్లెల కార్యక్రమం శనివారమే పెట్టుకోండి.

మీ జంటలో ఒకరు తాగకపోయినా కోల్మార్ నిలబడుతుంది. ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఈజెన్‌హైమ్ ఆల్టర్‌పీస్ అనే 16వ శతాబ్దపు చిత్రాల సముదాయం ఉంది, దాని కోసమే వచ్చేవాళ్లున్నారు. న్యూయార్క్ లిబర్టీ విగ్రహం చేసిన బార్తోల్డీ 1834లో పుట్టింది ఈ ఊళ్లోనే. లోపం చెప్పాలంటే జనం. కాలువ పక్కన, ‘పెతీత్ వెనీజ్’ అనే చోట ఫొటోలు తీసుకుని, భోజనానికి మాత్రం రెండు సందులు ఇవతలకు రండి. డిసెంబరులో క్రిస్మస్ మార్కెట్ల రద్దీకి గదుల ధరలు చుక్కల్లో ఉంటాయి, వైన్ కోసం వెళ్లేవాళ్లకు ఆ నెల వద్దు.

బోన్: ఓపిక ఉన్నవాళ్లకు

పారిస్ గార్ ద లియోన్ నుంచి దిజోన్‌కు టీజీవీలో గంటన్నర పైచిలుకు, అక్కడి నుంచి బోన్‌కు లోకల్ రైలు పాతిక నిమిషాల లోపు. ఊరు చిన్నది, జనాభా సుమారు 20,000. పాత కోటగోడల లోపల ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. ఆ వీధుల కింద వైన్ వ్యాపారుల సెల్లార్లు.

ఊరి మధ్యలో ఉన్న హోటెల్ ద్యూని ముందు చూడాలి. పేరు చూసి హోటల్ అనుకోకండి, అది ఒకప్పటి పేదల ఆస్పత్రి, ఇప్పుడు మ్యూజియం. బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా చేసిన నికొలా రొలాం, ఆయన భార్య గిగోన్ ద సలాం కలిసి 1443లో దాన్ని స్థాపించారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెంకులతో నేసిన ఆ పైకప్పును అందరూ ఫొటో తీస్తారు. లోపల పేదల హాల్లో రెండు వైపులా ఎర్ర పరదాల మంచాలు వరసగా ఉంటాయి. ఆ భవనంలోనే ఇంకో గదిలో రోజియర్ వాన్ డెర్ వైడెన్ వేసిన ‘చివరి తీర్పు’ చిత్రం ఉంది. వైన్ ప్రయాణంలో ఆస్పత్రి ఎందుకంటారా? శతాబ్దాలుగా జనం ఈ ఆస్పత్రికి ద్రాక్షతోటలు దానం చేస్తూ వచ్చారు. ఇప్పుడు దాని చేతిలో దాదాపు 60 హెక్టార్లు ఉన్నాయి. ఆ పంట వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు, ఏటా నవంబరు మూడో ఆదివారం. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం నేటికీ ఆస్పత్రి పనులకే పోతుంది. ఈ కథ తెలిసి ఆ ఊళ్లో ఒక గ్లాసు తాగితే దాని వెనక ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. నాకు బోన్ మీద ఇష్టం మొదలైంది ఇక్కడే.

ఇక బర్గండీ వైన్. ఎర్రదానికి పినో నువార్, తెల్లదానికి షార్డొనే, దాదాపుగా ఈ రెండు ద్రాక్షలే. తేడా అంతా నేలది. మన ఊళ్లలో గట్టుకు ఇవతల పండిన వడ్లకూ అవతల పండినవాటికీ తేడా చెప్పే రైతుకు ఇది వివరించనక్కర్లేదు. ఇక్కడ ఆ గట్లకు పేర్లు పెట్టి, సరిహద్దులు గీసి, వాటిని ‘క్లిమా’ అన్నారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తరగతులు నాలుగు: ప్రాంతం పేరుతో వచ్చేది, ఊరి పేరుతో వచ్చేది, ప్రెమియే క్రూ, గ్రాం క్రూ. కొండవాలు మధ్య భాగం పై తరగతులది, రోడ్డు దాటి చదును నేలలోకి దిగితే మామూలు తరగతి. బోన్ నుంచి మొదలయ్యే ‘వ్వా దె వీన్’ సైకిల్ దారిలో పొమ్మార్, వొల్నే మీదుగా మ్యూర్సో వైపు వెళ్తుంటే ఇది కళ్లకు కడుతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకుంటే పెద్ద శ్రమ కూడా ఉండదు.

ధర మాత్రం కష్టమే. గ్రాం క్రూ బాటిల్ వందల యూరోలు. అందుకని వాటి వెంట పడొద్దు. ఒకే ఉత్పత్తిదారు దగ్గర ప్రాంతం పేరుతో వచ్చే ఒక మామూలు బుర్గోన్, ఒక ఊరి వైన్, ఒక ప్రెమియే క్రూ పక్కపక్కన పెట్టుకుని రుచి చూడండి. చేసిన చెయ్యి ఒక్కటే, ద్రాక్ష ఒక్కటే, సంవత్సరం ఒక్కటే, అయినా మూడు గ్లాసులూ వేరు. బర్గండీ అంటే ఏమిటో ఆ పదిహేను నిమిషాల్లో అర్థమవుతుంది. కొనుక్కోవడానికి సావిన్యీ లె బోన్ లాంటి కాస్త చవకైన ఊరి వైన్లు, ఆలిగోతే అనే ఇంకో తెల్ల ద్రాక్షతో చేసినవి చూడండి.

వంటల్లో మొదటి పేరు బఫ్ బుర్గిన్యోం, అది గొడ్డు మాంసం. అది తిననివాళ్లకు కోడిని ఎర్ర వైన్‌లో ఉడికించే కోక్ ఓ వాం ఉంది. ఆవాల ముద్ద, చీజ్, తెల్ల వైన్‌తో చేసే పూలె గాస్తోం జెరార్ నాకు అంతకంటే ఇష్టం. చిక్కటి ఎర్ర వైన్ సాస్‌లో గుడ్లు దించి ఇచ్చే అఫ్ ఆం మ్యురెత్‌లో పంది తునకలు పడతాయి, వద్దనుకుంటే ముందే చెప్పాలి, అయినా సాస్‌లో కలిసి ఉండొచ్చు. పూర్తి శాకాహారులకు బోన్‌లో చీజ్, రొట్టె, సలాడ్, చీజ్‌తో పొంగే గుజేర్ బన్నులే గతి. రెండు రోజులు వాటితో గడపడం కష్టం.

శనివారం పొద్దున మార్కెట్‌ను మాత్రం వదలొద్దు. హోటెల్ ద్యూ ఎదురుగానే, హాల్ లోపలా బయటా సాగుతుంది. అక్కడ ఎప్వాస్ చీజ్ కొనండి. గుండ్రటి చెక్క డబ్బాలో, నారింజ రంగు తడి పొరతో ఉంటుంది. మార్ అనే ద్రాక్షపిప్పి సారాయితో దాన్ని కడుగుతూ మాగబెడతారు, వాసన డబ్బా మూత తీయకముందే తెలుస్తుంది. గదిలో ఫ్రిజ్ బయట గంటసేపు ఉంచితే మధ్యలో కరిగి చెంచాతో తీసుకునేట్టు అవుతుంది. వాసన అంత ఘాటు, రుచి మాత్రం వెన్నలా మెత్తన. రొట్టె మీద పూసి తినండి. ఆవాలు ఇష్టపడే మనవాళ్లకు ఇంకో చోటు కూడా ఉంది: 1840 నుంచి నడుస్తున్న ఫాలో ఆవాల మిల్లు, ఇప్పటికీ రాతి తిరగళ్లతోనే నూరుతుంది. బుక్ చేసుకుంటే లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు.

వేలం జరిగే నవంబరు మూడో వారాంతంలో గదులు దొరకవు, ఊరంతా పండగ. ఆ హడావిడి కావాలంటే నెలల ముందే బుక్ చేయాలి. ప్రశాంతంగా తినాలంటే ఆ వారం తప్పించండి.

రీమ్స్: ఒక్క రోజులో తిరిగొచ్చేవాళ్లకు

పారిస్ గార్ ద లెస్ట్ నుంచి నలభై అయిదు నిమిషాలు. టికెట్ కొనేటప్పుడు ‘రీమ్స్’ అనే స్టేషన్ ఎంచుకోవాలి. షాంపేన్ ఆర్డెన్ టీజీవీ అనేది ఊరి బయట ఉంటుంది, అక్కడ దిగితే మళ్లీ ట్రామ్ పట్టుకోవాలి.

ఇక్కడ చూడాల్సింది నేల కింద ఉంది. రోమన్ల కాలంలో సుద్దరాయి తవ్విన గుంతలను తర్వాత షాంపేన్ కంపెనీలు సెల్లార్లుగా మార్చుకున్నాయి. ముప్పై మీటర్ల లోతు దాకా ఉంటాయి, ఏ కాలమైనా 10, 12 డిగ్రీల చలి. ఎండాకాలంలోనూ స్వెట్టర్ పట్టుకెళ్లండి. బాటిల్‌లోనే రెండోసారి పులియబెట్టడం, తర్వాత అడుగున చేరిన మడ్డిని బాటిల్ మెడ దగ్గరికి చేర్చి తీసేయడం, ఇవన్నీ గైడ్ ఇంగ్లీషులో చక్కగా చెప్తారు. పెద్ద కంపెనీల సందర్శనకు మనిషికి 30 యూరోలు దాటడం మామూలే, ముందుగా బుక్ చేయాలి. రోజుకు ఒకటి చాలు. రెండో కంపెనీలో వినేది దాదాపు అదే కథ. ఆ డబ్బుతో సాయంత్రం ఒక వైన్ బార్‌లో చిన్న రైతుల షాంపేన్ రెండు మూడు రకాలు గ్లాసు చొప్పున తాగితే ఎక్కువ నేర్చుకుంటారు.

ఫ్రెంచ్ రాజుల పట్టాభిషేకాలు జరిగిన కెథడ్రల్, అందులో చిత్రకారుడు షగాల్ చేసిన అద్దాల కిటికీలు గొప్పవి. తిండి మాత్రం పైన చెప్పిన రెండు ఊళ్లతో తూగదు. గులాబీ రంగు బిస్కెట్లు, షావుర్స్ చీజ్ బాగుంటాయి, బుధ, శుక్ర, శనివారాల్లో బులాంగ్రాం హాల్లో మార్కెట్ ఉంటుంది. రెండు రాత్రులు ఉండాలంటే రెండో రోజు అరగంట రైల్లో ఎపెర్నే వెళ్లి, షాంపేన్ కంపెనీలు వరసగా ఉండే అవెన్యూ ద షాంపేన్ మీద నడవండి.

సెయింట్ ఎమిలియన్: బోర్డోతో కలిపి అయితేనే

పారిస్ మోంపర్నాస్ నుంచి బోర్డోకు రెండు గంటల చిల్లర, అక్కడి నుంచి ఇంకో రైలు సుమారు ముప్పై అయిదు నిమిషాలు, దిగాక ఊరికి పావుగంట పైన నడక. సున్నపురాతి కొండను తొలిచి కట్టిన చర్చి, నునుపుదేలిన రాతి వీధులు, చుట్టూ మెర్లో అనే ఎర్ర వైన్ ద్రాక్ష తోటలు. చూడటానికి నాలుగింటిలో ఇదే అందమైనదని ఒప్పుకుంటాను. రాత్రి బస మాత్రం ఖరీదు, వీధుల్లో సగం వైన్ షాపులే. బోర్డోలో గది తీసుకుని, కాప్యుసాం మార్కెట్‌లో ఆర్కాషోం ఆల్చిప్పలతో తెల్ల వైన్ తాగి, ఒక పూట ఇక్కడికి వచ్చి పోవడం సరైన పద్ధతి.

ఎక్కడికెళ్లినా

భోజనం వేళలు పాటించాల్సిందే. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర లోపు కూర్చోవాలి, రెండు దాటితే వంటగది మూసేస్తారు. సాయంత్రం ఏడు, ఏడున్నరకు ముందు తెరవరు. చాలా రెస్టారెంట్లు ఆదివారం రాత్రి, సోమవారం సెలవు. అందుకే ఈ ప్రయాణంలో పెద్ద భోజనాన్ని శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోమంటాను. అదే వంటగది, అదే చెయ్యి, రాత్రి కంటే ధర బాగా తక్కువ. శనివారం మధ్యాహ్నం ఆ తక్కువ ధర మెనూ ఉందో లేదో మాత్రం బుక్ చేసేటప్పుడు అడగండి, కొన్ని చోట్ల అది వారం మధ్యలోనే ఇస్తారు. నీళ్లకు ‘కరాఫ్ దో’ అని అడిగితే డబ్బు తీసుకోరు.

చిన్న ఉత్పత్తిదారుల దగ్గరికి వెళ్లాలంటే ముందు మెయిల్ రాసి సమయం తీసుకోండి. లోపలికి వెళ్లగానే ‘బోంజూర్’ చెప్పాలి, అది లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే మొరటుగా ఉంటుంది. బర్గండీలో చాలామంది ఎర్రవి ముందు పోసి తర్వాత తెల్లవి పోస్తారు, ఆశ్చర్యపోవద్దు. నోట్లో తిప్పి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకుండా వాడండి. ఆరు రకాలు మింగితే ఏడోది ఏదైనా ఒకటే. డబ్బు తీసుకోకుండా అంతసేపు కూర్చోబెట్టిన రైతు దగ్గర ఒకటి రెండు బాటిళ్లు కొనడం మర్యాద. సెప్టెంబరు కోతల్లో వాళ్లకు ఊపిరి సలపదు కాబట్టి మే, జూన్ లేదా అక్టోబరు మొదటి రెండు వారాలు మంచి సమయం. అక్టోబరులో తోటలు పసుపు తిరిగి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరిల్లో అల్సేస్ పల్లెల్లో చాలా తలుపులు మూసే ఉంటాయి.

ఇండియా వెళ్తూ బాటిళ్లు తీసుకెళ్లేవాళ్లు చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. సెల్లార్‌లో కొన్నది చేతి సామానులో సెక్యూరిటీ దాటదు. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు, అంటే మామూలు 750 మిల్లీలీటర్ల బాటిళ్లు రెండు. కోల్మార్ నుంచి అయితే ఒక సెక్ రీస్లింగ్, ఒక గెవుర్ట్స్‌ట్రామినర్. బోన్ నుంచి అయితే ఒక ఎర్రది, ఒక తెల్లది, రెండూ ఊరి పేరు తరగతివి, మీరు స్వయంగా కలిసిన ఉత్పత్తిదారు దగ్గరివి. ఎప్వాస్ మాత్రం ఫ్రాన్స్‌లోనే తినేసి రండి. సూట్‌కేస్‌లో బట్టలన్నీ ఆ వాసన పట్టుకుంటాయి.